తాగుడు, నిద్రమాత్ర, మన మెదడు – ఒక శాస్త్రవేత్త పరిశోధన మన కుటుంబాలకు చెప్పే సంగతులు

– నర్సింగ్ సూపరింటెండెంట్



"పిల్లల మీద ఒట్టు వేశాడు, వారం తిరక్కుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. మా మీద ఇంత కూడా ప్రేమ లేదా సిస్టరమ్మా?" మగవాళ్ళ వార్డులో భార్యలు, తల్లులు మమ్మల్ని ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళలో లారీ తోలేవారు, కంకర క్రషర్లలో పనిచేసేవారు, సిమెంటు ఫ్యాక్టరీ కూలీలు, మిర్చి, పత్తి పండించే రైతులు, చదువుకున్న ఉద్యోగులు అందరి ఇళ్ళలోనూ ఈ ప్రశ్న ఉంది. కొందరు సిగ్గుపడి అడగరు, అంతే తేడా.

ఈ ప్రశ్నకు "మనసు గట్టిగా లేదు" అని ఒక్క మాటలో జవాబు చెప్పేస్తుంటాం. ఆ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగం మెదడులో ఉంది. మత్తు పదార్థం మెదడులోకి వెళ్ళాక ఏమవుతుంది, మెదడు దానికి అనుగుణంగా ఎలా మారిపోతుంది, అలా మారిన మెదడు మళ్ళీ బాగుపడుతుందా అనే విషయాలను శాస్త్రవేత్తలు అనేక సంవత్సరాలుగా పరిశోధిస్తున్నారు. వారిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక మహిళ కూడా ఉన్నారు. ఆమె ఆచార్య విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు. ఆమె పని గురించి తెలుసుకుంటే మన ఇళ్ళలోని ఈ సమస్య కూడా కొంత అర్థమవుతుంది.

చదువు, ఉద్యోగం

విజయలక్ష్మి గారు 1953లో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. పట్టాలు పొందారు. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం పరిశోధన చేసి, తిరిగి మన దేశం వచ్చి బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో చేరారు. మానసిక వ్యాధులకు, నరాల వ్యాధులకు పేరుపొందిన ఆ ఆసుపత్రి మన ప్రాంతం వారికి కూడా తెలిసినదే. ఇక్కడ కుదరని కేసులను అక్కడికి తీసుకువెళ్ళిన కుటుంబాలు మనలో ఉన్నాయి.

ఆమె ఎంచుకున్న ప్రశ్న చూడటానికి చిన్నదే. మనం వేసుకున్న మందు మెదడులోకి వెళ్ళాక మెదడు దాన్ని ఏం చేస్తుంది?

కాలేయం చేసే పని మెదడు కూడా చేస్తుందా?

మనం మింగిన మాత్ర, తాగిన సారాయి, పీల్చిన పొగ, ఏదైనా సరే, శరీరం దాన్ని విరగ్గొట్టి బయటకు పంపాలి. ఈ పని ఎక్కువ భాగం కాలేయం చేస్తుంది. కాలేయ కణాల్లో కొన్ని ఎంజైములు ఉంటాయి. వాటిలో ముఖ్యమైన కుటుంబం పేరు సైటోక్రోమ్ పి-450. డాక్టరు గారు కొన్ని మందులు రాసే ముందు లివర్ పరీక్ష చేయించమనడానికి ఒక కారణం, కాలేయం ఈ పనిని సరిగా చేసే స్థితిలో ఉందో లేదో చూసుకోవడమే.

మెదడుకు ఈ పనితో పెద్దగా సంబంధం లేదని చాలాకాలం అనుకున్నారు. రక్తానికీ మెదడుకూ మధ్య ఒక కాపలా గోడ వంటిది ఉంటుంది, అది దాటి లోపలికి వెళ్ళిన మందు అలాగే పనిచేసి అలాగే బయటకు వస్తుందని భావించేవారు. విజయలక్ష్మి గారు, ఆమె సహచరులు మనిషి మెదడులో కూడా ఈ ఎంజైములు ఉన్నాయని 1989లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. కాలేయంతో పోలిస్తే వాటి పరిమాణం చాలా తక్కువ. అయినా అవి నాడీకణాల లోపలే, అంటే మందు పనిచేసే చోటనే ఉన్నాయి. అందువల్ల కొద్దిపాటి మార్పుకు కూడా విలువ ఉంది.

దీని అర్థం ఏమిటంటే, రక్తపరీక్షలో కనబడే మందు మోతాదు ఒకటి, మెదడులో పనిచేస్తున్న మోతాదు మరొకటి కావచ్చు. ఒకే మాత్ర ఒకరిని రోజంతా మత్తుగా ఉంచి, మరొకరికి నిద్ర కూడా పట్టించకపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి కావచ్చు.

ఇటువంటి పరిశోధనకు మనిషి మెదడు కణజాలం కావాలి. రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారి మెదడు నుంచి, పోస్టుమార్టం సమయంలో తీసుకున్న కణజాలంతో ఈ పని చాలా భాగం జరిగింది. 1995లో నిమ్హాన్స్‌లో ఆచార్య ఎస్.కె. శంకర్ గారి ఆధ్వర్యంలో మెదడు కణజాల బ్యాంకు కూడా ఏర్పడింది. మన ఊరి మీదుగానే హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ప్రమాదాలు మనకు కొత్త కాదు. కన్నీళ్ళలో ఉన్న కుటుంబాలు ఒప్పుకొని ఇచ్చిన కణజాలం వల్లే ఇంత విజ్ఞానం వచ్చిందని గుర్తుంచుకోవడం మంచిది.

ఒక నిద్రమాత్ర కథ

2008లో ఆమె బృందం ప్రచురించిన ఒక పరిశోధన మనకు బాగా దగ్గరది. అది ఆల్ప్రజోలామ్ అనే మాత్ర గురించి. ఆందోళన తగ్గడానికి, నిద్ర పట్టడానికి డాక్టర్లు రాసే ఈ మాత్ర మన ఊళ్ళలో చాలామందికి తెలుసు. కొందరి తలగడ కింద ఇది ఎప్పుడూ ఉంటుంది.

కాలేయం ఈ మందును ఎక్కువగా బలం తగ్గిన రూపంలోకి మారుస్తుంది. మెదడులో మాత్రం, మళ్ళీ మత్తు కలిగించే శక్తి ఉన్న రూపం తయారయ్యే నిష్పత్తి కాలేయంలో కంటే ఎక్కువగా ఉందని ఆ పరిశోధన చెప్పింది. పి-450 కుటుంబానికే చెందిన ఒక ఎంజైము మెదడులో ఎక్కువగా ఉండి ఈ పని చేస్తోందని వారు గుర్తించారు.

మద్యం విషయంలో కూడా 2000లో ఆమె బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఎలుకలకు ఎక్కువ రోజులు ఆల్కహాలు ఇచ్చి చూస్తే, ఆల్కహాలును విరగ్గొట్టే ఒక ఎంజైము వాటి మెదడులోని కొన్ని భాగాల్లో పెరిగింది. అందులో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం ఒకటి. ఈ ఎంజైము పనిచేసేటప్పుడు కణాలకు హానిచేసే పదార్థాలు కూడా పుడతాయి. అంటే, తాగేకొద్దీ మెదడు తాగుడుకు తగ్గట్టు తన లోపలి ఏర్పాట్లు మార్చుకుంటుంది, ఆ మార్పుకు మెదడే మూల్యం చెల్లిస్తుంది. తాగుబోతు మనిషి నిన్న ఏం జరిగిందో గుర్తులేదంటే అన్నిసార్లూ నటన అనుకోకండి.

కల్లులో కలిపే మత్తు

ఈ మాత్ర సంగతి ఇంత వివరంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. తాటిచెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లులో ఆల్కహాలు తక్కువ. గిరాకీ ఎక్కువై కల్లు తక్కువైన చోట, నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్మడం జరుగుతోంది. తెలంగాణలో ఇది పాత సమస్య. 2015లో అక్కడ కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలామంది వింతగా మాట్లాడుతూ, వణుకుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. తాము తాగుతున్నది కల్లే అనుకున్నారు. వారి మెదడు అలవాటు పడింది మాత్రం నిద్రమాత్రలకు.

మన మండలాలు తెలంగాణ సరిహద్దులో ఉన్నాయి. పనికి, పెళ్ళిళ్ళకు అటూ ఇటూ రాకపోకలు ఎక్కువ. "మావాడు మద్యం ముట్టడు, కల్లు మాత్రమే" అని చెప్పే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆసుపత్రికి వచ్చినప్పుడు కల్లు తాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. అది తెలిస్తే డాక్టరు గారి వైద్యమే మారుతుంది.

మెదడు రాయి కాదు

మెదడు ఇలా అలవాటు పడటం ఎలా సాధ్యం? మెదడుకు తనను తాను మలచుకునే గుణం ఉంది కాబట్టి. దీన్నే శాస్త్రవేత్తలు ప్లాస్టిసిటీ అంటారు.

మెదడులోని నాడీకణం ఒక చెట్టు లాంటిది. దానికి కొమ్మలుంటాయి. కొమ్మల మీద తుమ్మముళ్ళ వంటి అతి చిన్న మొలకలుంటాయి. ఒక కణం ఇంకో కణంతో మాట్లాడేది ఎక్కువగా ఈ మొలకల దగ్గరే. మనం కొత్త పాట నేర్చుకున్నా, కుట్టుమిషను నేర్చుకున్నా ఈ మొలకలు కొన్ని పుడతాయి, కొన్ని రాలిపోతాయి.

అమెరికాలో మేరియన్ డైమండ్ అనే మెదడు నిర్మాణ శాస్త్రవేత్త 1964లో తన సహచరులతో కలిసి ఒక ముఖ్యమైన విషయం ప్రచురించారు. తోటి ఎలుకలతో, ఆడుకునే వస్తువులతో పెరిగిన ఎలుకల మెదడు పైపొర, ఒంటరిగా ఖాళీ పంజరంలో పెరిగిన ఎలుకల దానికంటే మందంగా ఉంది. పెరిగిన చోటు, తోడు మెదడు ఆకారాన్నే మారుస్తాయని అలా తెలిసింది.

ఈ మంచి గుణాన్నే మత్తుమందు వాడుకుంటుంది. టెర్రీ రాబిన్సన్, బ్రయాన్ కోల్బ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు ఆంఫెటమిన్ అనే ఉత్ప్రేరకం కొన్నాళ్ళు ఇచ్చి, ఆపేసి, నెల పైగా గడిచాక వాటి మెదడు కణాలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. 1997లో ఆ ఫలితాలు వచ్చాయి. మందు ఆపి అంతకాలమైనా, సంతోషానికి, కోరికకు సంబంధించిన భాగంలోనూ, నిర్ణయాలు తీసుకునే ముందు భాగంలోనూ కణాల కొమ్మలు, మొలకలు మారిపోయి ఉన్నాయి. మందు ఒంట్లో లేదు, దాని గుర్తు మెదడులో ఉండిపోయింది.

వీరి బృందమే 2003లో ఇంకొక పని చేసింది. ముందు మత్తుమందు రుచి చూపిన ఎలుకలను తర్వాత డైమండ్ గారి ఎలుకల్లాగే తోడు, ఆటవస్తువులు ఉన్న చోట పెట్టారు. మామూలు ఎలుకల మెదడు అక్కడ ఎదిగినట్టు వీటి మెదడు ఎదగలేదు. ఎలుకకు జరిగినదంతా మనిషికి అలాగే జరుగుతుందని చెప్పలేం. అయినా ఇంటర్మీడియెట్, ఇంజనీరింగు చదివే పిల్లల తల్లిదండ్రులు దీన్ని ఆలోచించాలి. ఆ వయసులో మెదడు ముందు భాగం ఇంకా పూర్తిగా తయారు కాదు. సరదాకు మొదలుపెట్టిన గంజాయి, బీరు ఆ తయారీ మధ్యలో వచ్చి కూర్చుంటాయి.

విజయలక్ష్మి గారు కూడా తర్వాతి కాలంలో ఈ మొలకల మీద పనిచేశారు. అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధిలో ఈ మొలకలను నిలబెట్టే సన్నని పోగులు ఎలా కూలిపోతాయో ఆమె బృందం 2018లో ఎలుకల మీద చూపించింది. వ్యసనం, మతిమరుపు రెండూ వేరు వేరు వ్యాధులు. రెండింటిలోనూ దెబ్బ తగిలే చోట్లలో ఈ మొలకలు ఉన్నాయి.

మళ్ళీ ఎందుకు తాగుతాడు?

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. ఆకలి మీద అన్నం చూసినా, ఊరి నుంచి బిడ్డ వచ్చినా అది విడుదలవుతుంది. "ఇది మంచిది, మళ్ళీ కావాలి" అని మెదడుకు నేర్పేది అదే. మత్తు పదార్థాలు ఆ రసాయనాన్ని సహజంగా వచ్చేదానికంటే ఎక్కువగా పొంగిస్తాయి. మాటిమాటికి ఇలా జరిగితే మెదడు తన స్పందన తగ్గించుకుంటుంది. అమెరికాలో మత్తు వ్యసన పరిశోధన సంస్థకు 2003లో డైరెక్టర్ అయిన డాక్టర్ నోరా వోల్కోవ్, మద్యానికి, కొకెయిన్‌కు అలవాటు పడినవారి మెదడును స్కాన్ చేసి, డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలు వారిలో తగ్గాయని చూపించారు. అందుకే వారికి పిల్లల ఆట, పండగ భోజనం పూర్వంలా సంతోషం ఇవ్వవు. తాగితే కూడా పూర్వపు సంతోషం రాదు. తాగకపోతే మాత్రం నరకం.

ఇంకో విషయం. మెదడు మత్తునే కాకుండా దాని చుట్టూ ఉన్నవాటిని కూడా నేర్చుకుంటుంది. జీతం వచ్చిన శనివారం సాయంత్రం, బెల్టుషాపు ఉన్న సందు, తోడు తాగే స్నేహితుడి గొంతు, మిరపకాయ బజ్జీల వాసన, వీటిలో ఏదైనా ఆ పాత దారిని లేపుతుంది. మనిషి ఇంకా ఏమీ నిర్ణయించుకోకముందే కోరిక వచ్చి నిలబడుతుంది. ఒట్టు వేసినప్పుడు అబద్ధం చెప్పాడని కాదు. ఒట్టు వేసింది ఇంట్లో, పరీక్ష వచ్చింది సందు మలుపులో.

అందుకే దుకాణాలు మూయడంతోనే ఈ సమస్య తీరదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ తల్లుల పోరాటం గొప్పది. దుకాణం మూసినప్పటికీ అలవాటు పడిన మెదడుకు వైద్యం కూడా అందాలి. మన దేశంలో ఆ వైద్యం ఇంకా చాలా తక్కువమందికే అందుతోంది. ఢిల్లీ ఎయిమ్స్ వారు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం వాడుతున్నారు. 5.7 కోట్ల మందికి సహాయం అవసరం. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందింది.

బాగుపడే అవకాశం ఎంత?

ఇంతవరకు చదివి కొందరు దిగులుపడవచ్చు. మెదడు చెడుకు మలచుకున్నట్టే మంచికీ మలచుకుంటుంది. వియత్నాం యుద్ధంలో చాలామంది అమెరికా సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడ్డారు. 1970లలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వారు ఇంటికి వచ్చాక ఏమయ్యారో వెతికి చూశారు. ఎక్కువమంది మళ్ళీ ఆ బానిసత్వంలోకి వెళ్ళలేదు. పాత చోటు, పాత తోడు మారడం అందులో ముఖ్య కారణమని భావిస్తారు.

నోరా వోల్కోవ్ బృందం 2001లో, మెథాంఫెటమిన్ మానేసిన కొద్దిమందిని 12 నుంచి 17 నెలల తర్వాత తిరిగి స్కాన్ చేసింది. తగ్గిపోయిన డోపమైన్ వ్యవస్థలో ఒక భాగం చాలావరకు కోలుకుంది. జ్ఞాపకశక్తి, చేతి పనితనం మాత్రం అంత త్వరగా రాలేదు. అంటే మెదడు బాగుపడటానికి నెలలు, కొన్నిసార్లు సంవత్సరం పైగా పడుతుంది. మనం ఆసుపత్రిలో పది రోజులు ఉంచి, ఇంటికి పంపి, "ఇక నయమైపోయింది" అనుకుంటున్నాం. అక్కడే చాలా కుటుంబాలు నిరాశపడుతున్నాయి. కాలు విరిగినవాడిని కట్టు కట్టిన పదో రోజున పొలానికి పంపం కదా.

కుటుంబాలు అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే కట్టడి చేసి ఒక్కసారిగా మాన్పించవచ్చా?

రోజూ ఎక్కువగా తాగేవారిని అలా చేయవద్దు. ఆఖరి చుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి చెదిరి, గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని కేకలు వేస్తారు. దీన్ని చాలామంది గాలి సోకిందని, చేతబడి అని అనుకుని గది తలుపు గడియపెడతారు లేక ఎక్కడెక్కడికో తిప్పుతారు. ఇది ప్రాణం తీసే వైద్య అత్యవసర స్థితి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి.

ఇంటి దగ్గర గ్లూకోజు పెట్టిస్తే సరిపోతుందా?

చాలాకాలం తాగినవారిలో విటమిన్ బి-1 బాగా తగ్గిపోయి ఉంటుంది. బి-1 ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు తడబడటం, నడక తూలడం, శాశ్వతమైన మతిమరుపు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే మేము ముందు బి-1 ఇంజక్షను ఇస్తాం. బాటిల్ పెట్టే ఎవరికైనా రోగికి తాగే అలవాటు ఉందని తప్పకుండా చెప్పండి.

తెలియకుండా కూరలో కలిపే మందు మంచిదేనా?

ఇది చాలా ప్రమాదం. తాగుడు మాన్పించే మందుగా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. ఇది మంచి మందే, అయితే రోగికి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు గారి పర్యవేక్షణలో వాడేది. ఇది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బి.పి. పడిపోవడం జరిగి ప్రాణం మీదకు రావచ్చు. తనకు మందు పెట్టారని తెలియని మనిషి ఎలా జాగ్రత్తపడతాడు? పైగా ఆ సంగతి తెలిసిన రోజున ఇంట్లో వాళ్ళ చేతి అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే వేరే మందులు కూడా ఉన్నాయి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు గారు నిర్ణయిస్తారు.

మా అత్తయ్య ఏళ్ళ తరబడి నిద్రమాత్ర వేసుకుంటున్నారు. ఇది చదివాక ఆపేయమనాలా?

వద్దు. ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలు ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మాత్ర చీటీ తీసుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్ళండి. వారాల తరబడి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పక్కింటావిడకు పనిచేసిందని ఆమె మాత్ర మీరు వేసుకోకండి. ఈ మాత్రలు వేసుకున్న రోజున మద్యం గాని, కల్లు గాని తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ముసలివారు ఈ మాత్రల మత్తులో రాత్రి బాత్రూముకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకోవడం కూడా మామూలే.

మానేసి మళ్ళీ తాగాడు. ఇక వదిలేయాలా?

షుగరు రోగి పండగ రోజు స్వీటు తిని షుగరు పెంచుకుంటే మనం వైద్యం మానేయం. ఇదీ అంతే. ఎక్కడ జారాడు, ఏ రోజు, ఎవరితో ఉన్నప్పుడు అని గమనించి, ఆ సంగతి డాక్టరు గారికి చెప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. అయితే ఓర్పు అంటే దెబ్బలు భరించడం కాదు. తాగి కొడుతుంటే ముందు భార్యాపిల్లలు సురక్షితమైన చోటికి వెళ్ళాలి. అది అతని వైద్యానికి అడ్డు కాదు.

సంస్థలు కట్టిన శాస్త్రవేత్త

విజయలక్ష్మి గారి పని ప్రయోగశాలతో ఆగలేదు. హర్యానాలోని మానేసర్ దగ్గర కేంద్ర ప్రభుత్వం నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ నెలకొల్పినప్పుడు ఆమె దానికి మొదటి డైరెక్టర్‌గా ఉండి 2009 వరకు నడిపించారు. తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నాడీశాస్త్ర కేంద్రానికి, ఆ పిమ్మట ఇన్ఫోసిస్ వ్యవస్థాపకులలో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ గారి కుటుంబ విరాళంతో ఏర్పడిన సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కు నాయకత్వం వహించారు. కేసరి పప్పు తినేవారికి కాళ్ళు పడిపోయే లాథిరిజం వ్యాధి మీద కూడా ఆమె పనిచేశారు. 1996లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ వచ్చాయి.

మనకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మెదడు మీద పెద్ద పరిశోధనలు ఎక్కువగా పెద్ద నగరాల్లో, విదేశాల్లో జరుగుతాయి. సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వారు కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెలను ఎంచుకున్నారు. ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. 45 ఏళ్ళు దాటిన 10,000 మంది గ్రామీణులను ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ, వయసుతోపాటు మెదడు ఎలా మారుతుందో, ఎవరికి మతిమరుపు వస్తుందో, ఎవరికి రాదో తెలుసుకోవాలన్నది అక్కడి సంకల్పం. మన వంటి పొలం పనివారి ఆహారం, చదువు, బి.పి., షుగరు, అలవాట్లు మెదడుకు ఏం చేస్తాయో ఇటువంటి పని వల్లే తెలుస్తుంది.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు

రోగి ఎన్నేళ్ళుగా, రోజుకు ఎంత, ఏది తాగుతున్నాడో ఒక కాగితం మీద రాసుకొని రండి. ఆఖరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు తాగాడో రాయండి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, వాడుతున్న మాత్రలేమిటి, కల్లు, గంజాయి, గుట్కా అలవాట్లున్నాయా అన్నవి కూడా కావాలి. ఖాళీ మాత్రల అట్టలున్నా పట్టుకురండి. మీరు చెప్పినది వార్డు దాటి బయటకు పోదు. సంఘంలో ఎవరికీ తెలియదు. రోగిని తాగించి తీసుకురావద్దు, తిట్టి కూడా తీసుకురావద్దు.

రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు, మత్తు మానడానికి జాతీయ సహాయ నంబరు 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఫిట్స్, మతి చెదరడం, స్పృహ తప్పడం ఉంటే ఫోన్లో సలహాల కోసం ఆగకుండా నేరుగా 108 పిలవండి.

ఈ పత్రికను చదివాక బీరువాలో పెట్టవద్దు. మీ వీధిలో ఇటువంటి ఇల్లు ఉంటే వారికి ఇవ్వండి. చదవడం రానివారికి "ఇంట్లో కూరలో కలిపే మందు", "ఒక్కసారిగా మాన్పించవచ్చా" అన్న రెండు జవాబులైనా చదివి వినిపించండి.